మన చుట్టూ: పుట్ట కింది తోట

గత సంచికలో మన కొండల్లో ఉండే బూడిదరంగు పెద్ద ఉడత గురించి చెప్పుకున్నాం కదా. ఈసారి ఆ ఉడత గూడు కట్టుకునే కొమ్మ మీంచి దిగి, అదే చెట్టు మొదట్లోకి వద్దాం. అక్కడున్న ప్రాణి గెంతదు, కూయదు, ఫోటోకి నిలబడదు. ఏడాదిలో ఏ నాలుగు రోజులో తప్ప కంటికి కనిపించదు. మనం బూజు అని దులిపేసుకునే కుటుంబానికి చెందినదే. శాస్త్రంలో శిలీంధ్రం అంటారు. అడవిని నిలబెడుతున్న వాటిలో దీనికి పెద్దపీట వెయ్యాలి.

మంసాపురం నుంచి చూస్తే పడమటి కనుమలు ఊరికి ప్రహరీ కట్టినట్టుంటాయి. నైరుతి వానలు చాలావరకు ఆ గోడకి అవతల, కేరళ వైపే కురిసిపోతాయి. మనకి అసలు వానలు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఈశాన్యం నుంచి రావలసిందే. చెరువులు నిండాలన్నా, మామిడి తోటలు బతకాలన్నా ఆ వానలే దిక్కు. అడవిలో రాలిన ఆకూ, విరిగిన కొమ్మా ఎక్కువగా కుళ్ళేది కూడా అప్పుడే.

కుళ్ళడం అనగానే ముఖం చిట్లించకండి. రాలిన ఆకు కుళ్ళకపోతే అందులో ఇరుక్కున్న సారం తిరిగి మట్టికి చేరదు, కొత్త మొక్కకి తిండి ఉండదు. కర్రకి గట్టితనాన్నిచ్చేది లిగ్నిన్ అనే పదార్థం. దాన్ని పూర్తిగా విడగొట్టగల జీవులు లోకంలో బహు తక్కువ. వాటిలో మొదటి వరస శిలీంధ్రాలదే.

ఈ సంగతి మనకంటే ముందు చెదపురుగులు కనిపెట్టాయి. పుట్టలు పెట్టే చెదల్లో కొన్ని జాతులకి లిగ్నిన్ అరిగించుకునే శక్తి లేదు. అందుకని అవి వ్యవసాయం మొదలుపెట్టాయి. ఎండుటాకులూ పుల్లలూ కొరికి తెచ్చి, పుట్ట లోపలి గదుల్లో తేనెపట్టులా గుల్లగా ఉండే దిబ్బలు కడతాయి. వాటిమీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. అది కర్రని మెత్తబరుస్తుంది, మెత్తబడినదాన్ని చెదలు తింటాయి. ఆ తోటలో కలుపు బూజు మొలిస్తే ఏరేస్తాయి, చెమ్మా వేడీ తగ్గకుండా చూసుకుంటాయి. మనిషి సేద్యం మొదలుపెట్టి పదివేల ఏళ్ళు దాటిందంటే గొప్పగా చెప్పుకుంటాం. చెదల సేద్యం వయస్సు సుమారు 3 కోట్ల ఏళ్ళని అంచనా!

మంచి వాన పడి నేల నానాక, ఆ తోటలోంచి పొడుగాటి కాడ ఒకటి మట్టిని తొలుచుకుంటూ పైకి వస్తుంది. బయటికి రాగానే గొడుగు విప్పుతుంది. అదే పుట్టగొడుగు. లాగినవాళ్ళకి తెలుసు, కాడ ఎంత లోతుకి పోతుందో! మనం కూర వండుకునేది ఆ జీవి కాయను మాత్రమే. అసలు చెట్టు పుట్ట కిందే ఉంది.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ 1942లో ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదల శిలీంధ్రం అని దాని అర్థం. మన తెలుగువాళ్ళు ఏ ప్రయోగశాలా లేకుండానే పుట్టనీ గొడుగునీ కలిపి ఎన్నడో ఒకే మాట చేశారు. ఇంగ్లీషువారి మష్రూమ్‌లో గానీ, ఇక్కడి తమిళుల కాళాన్‌లో గానీ పుట్ట ఊసు లేదు. కొన్ని తెలంగాణ ఊళ్ళలో పుట్టకొక్కులు అంటారు, అందులోనూ పుట్ట ఉంది. అయితే ఆ తర్వాత మనం గడ్డివాములో మొలిచినదాన్నీ, ప్లాస్టిక్ డబ్బాలో అమ్మేదాన్నీ కూడా పుట్టగొడుగే అనేశాం, అది వేరే సంగతి.

పైగా కార్తీకంలో నాగులచవితికి మనవాళ్ళు పుట్ట దగ్గరికి వెళ్ళి పాలు పోస్తారు. పుట్ట కట్టింది పాము కాదు, చెదలు. పాము వచ్చి చేరిన అద్దెదారు. కానీ ఆ భక్తి పుణ్యమా అని ఎన్నో పుట్టలు గడ్డపార దెబ్బ తప్పించుకున్నాయి. చట్టం చెయ్యని పని కొంత పండగ చేసిందని నా నమ్మకం.

చట్టం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ కొండల అడవిని 1988లో ఆ ఉడత కోసం అభయారణ్యం చేశారు. 2021లో మేఘమలైతో కలిపి శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటుతుంది. చాలా సంతోషం. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో జంతువులున్నాయి, పక్షులున్నాయి, కొన్ని మొక్కలున్నాయి, పుట్టగొడుగు ఒక్కటీ లేదు. ప్రపంచంలో ఇంతవరకు పేరు పెట్టిన శిలీంధ్రాలే లక్షన్నర జాతుల దాకా ఉంటాయి, పేరు పెట్టనివి లక్షల్లో. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2025 మార్చి నాటికి పరిశీలించినవి సుమారు 1,300. వాటిలో కనీసం 411 అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. చిలీ దేశం మాత్రం ముందే తన పర్యావరణ చట్టంలో శిలీంధ్రాలకి చోటిచ్చింది.

కుళ్ళబెట్టడం ఒక్కటే వీటి పని కాదు. బతికున్న చెట్ల వేళ్ళలోకి చేరి కాపురం చేసేవీ ఉన్నాయి. జర్మనీకి చెందిన ఫ్రాంక్ 1885లో ఈ పొత్తుకి మైకోరైజా అని పేరు పెట్టాడు. చెట్టు ఆకుల్లో వండిన చక్కెరలో కొంత ఇస్తుంది. శిలీంధ్రం తలవెంట్రుక కన్నా సన్నటి తన పోగులతో, వేరు అందుకోలేని చోటునుంచి భాస్వరం, నీరు తెచ్చిపెడుతుంది. భూమ్మీద మొక్కల్లో ఎక్కువ భాగం ఇలా పొత్తు మీద బతికేవే. మన సప్పట్టై మామిడీ అంతే. ఈ రకం శిలీంధ్రాన్నే వ్యవసాయ శాఖవారు వామ్ అని పొడిగా ఇస్తుంటారు. తోటలో భాస్వరం ఎరువు మితిమీరి గుమ్మరిస్తే చెట్టుకి ఈ పొత్తు అవసరం తగ్గి, వేళ్ళలో శిలీంధ్రం పలచబడిపోతుంది. ఎరువు కొట్టు బిల్లు చూసుకునే తోట యజమానులు ఆలోచించవలసిన విషయం.

ప్యూర్టో రికో ద్వీపంలో పైన్ చెట్లు నాటాలని ఏళ్ళ తరబడి తంటాలు పడ్డారు. మొక్కలు పసుపెక్కి చచ్చిపోయేవి. చివరికి 1950లలో పైన్ అడవి మట్టి తెచ్చి మొదట్లో కలిపితే లేచి నిలబడ్డాయి. ఆ మట్టిలో ఉన్నది శిలీంధ్రమే.

ఈ పోగుల మీదుగా చెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని, తల్లిచెట్టు పిల్లలకి తిండి పంపుతుందని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. కెనడాలో జరిగిన పరిశోధన 1997లో వెలువడ్డాక పుట్టిన ప్రచారం ఇది. కొంత పదార్థం అటూ ఇటూ చేరడం చూశారు, నిజమే. కాని ఆధారాన్ని మించి కథలు అల్లారని 2023లో ఆ రంగంలోనివారే గట్టిగా అన్నారు. పిల్లలకి చెప్పేటప్పుడు కాస్త చూసి చెప్పండి. ఉన్న నిజమే చాలినంత వింతగా ఉంది.

ఇక మన ఊరి సంగతి. కొండ కింద తోట చదును చేయించేటప్పుడు యంత్రం మొదట కొట్టేది పుట్టనే. మిగిలినదానికి చెదమందు. చెదలు తోటకి హాని చెయ్యవని నేననను, లేత మొక్కని నిలువునా తినేసిన చెదని నేనూ చూశాను. ఆ మొక్కల మొదట్లో మందు వేసుకోవచ్చు. గట్టు వారన, అడవి అంచున నిలిచిన పెద్ద పుట్టని ఎందుకు కూల్చాలి? అందులో తోట పెంచుతున్న చెద ఎక్కువగా ఎండు పుల్లల కోసం తిరిగేది. పుట్ట పోతే గొడుగూ పోతుంది. ఈ రకాన్ని పండించి బజారుకి తెచ్చే ఉపాయం ఇంతవరకు ఎవరికీ కుదరలేదు. 1998లో మన జిల్లాలోని అరుప్పుకోట్టై నుంచి వచ్చిన పాల పుట్టగొడుగు మంచి రకమే, ఇంట్లో వరిగడ్డి మీద పెంచుకోవచ్చు. కాని దానికి చెదపుట్టతో పని లేదు.

అడవిలో పడిపోయిన మానుని కూడా పడి ఉండనివ్వాలి. తలమోపు కట్టెలతో అడవి తరిగిపోదు, ఆ ఆడవాళ్ళని నేను తప్పు పట్టను. రాలిన ఆకుని బండ్లకెత్తడం, వేసవిలో ఎవరో పారేసిన చుట్టముక్క వల్ల ఆకుపరుపంతా తగలబడడం, వీటివల్ల నష్టం ఎక్కువ.

తెలియని పుట్టగొడుగు మాత్రం తినకండి సుమా! వెండి చెంచా నల్లబడకపోతే మంచిదేనన్న చిట్కా నమ్మవద్దు, ప్రాణం తీసే రకాలు ఆ పరీక్షలో పాసవుతాయి.

తరాల కిందట ఆంధ్రదేశం వదిలివచ్చిన మన ఇళ్ళల్లో పాత మాటలు ఇంకా మిగిలే ఉన్నాయి. మీ అమ్మమ్మగారో నాయనమ్మగారో దీన్ని పుట్టగొడుగు అనేవారా, కుక్కగొడుగు అనేవారా, మరో మాటేదైనా ఉందా? ఏ ఊళ్ళో, ఏ నెలలో, ఎలాంటి చోట మొలిచేదో కూడా అడిగి తెలుసుకుని, వానలు మొదలయ్యేలోగా మాకు రాసి పంపండి.