చీటీ ఇవ్వని సాఫ్ట్‌వేర్ మనకెందుకు?

పాల కేంద్రానికి సాఫ్ట్‌వేర్ అమ్మవచ్చే కుర్రాడు ముందు ఫోన్ తీసి రంగురంగుల బొమ్మలు చూపిస్తాడు. మన ఇబ్రహీంపట్నం రైతు అడగాల్సింది వేరు. తెల్లారి అయిదింటికి క్యాన్లు వరుసకట్టినప్పుడు కరెంటు పోతే ఎట్లా?

పాత పద్ధతిలో వెన్నశాతం తేల్చాలంటే పాలలో యాసిడ్ పోసి సీసాలు తిప్పాలి. ఫలితం ఆలస్యం. పుస్తకంలో ఎంత రాస్తే అంతే. 1990లలో గుజరాత్‌లోని ఆనంద్ వైపు పాల సంఘాల్లో కాటా, వెన్న చూసే యంత్రం, కంప్యూటర్ కలిపి పెట్టారు. లీటర్లు, వెన్న, రావాల్సిన పైసలు అక్కడికక్కడే చీటీ మీద అచ్చయి చేతికొచ్చాయి. చదువు రాని అమ్మ కూడా ఆ చీటీని బడికెళ్లే పిల్లతో చదివించుకోవచ్చు. మీట నొక్కే పని ఆమెకు లేదు!

అయితే యంత్రాన్ని ఎప్పటికప్పుడు సరిచూడకపోతే తప్పుడు వెన్నశాతాన్నే అందంగా అచ్చేస్తుంది. ఆ నష్టమెంతో గేదెలు మేపేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అందుకే సంఘం డబ్బు కట్టకముందే వారం పాటు పాత పుస్తకం, కొత్త యంత్రం పక్కపక్కన నడిపించి చూడండి. చెడిపోతే ఎవరు, ఎన్ని గంటల్లో వస్తారో కాగితం మీద రాయించుకోండి. ఏటేటా కట్టాల్సిందెంత? మానేస్తే మన లెక్కలు మన చేతికిస్తారా? ఇవీ అడగండి. తెలుగులో చీటీ రాదంటారా, ఇంకొకర్ని చూసుకుందాం.