కాదనలేని చోట వాలంటీర్ లేడు



టీకాల పరిశోధన కోసం, ఒప్పుకున్న మనుషులకు కావాలనే రోగం ఎక్కిస్తారు. ఇది పుకారు కాదు. ఎంత వైరస్‌తో రోగం అంటుకుంటుందో చూడటానికి 2021లో లండన్‌లో 36 మంది ఆరోగ్యవంతుల ముక్కులో కరోనా వైరస్ చుక్కలు వేశారు. అందరూ 18 నుంచి 30 ఏళ్లవాళ్లే. ఒక్కొక్కరికి దాదాపు 4,500 పౌండ్లు, అప్పటి లెక్కన నాలుగున్నర లక్షల రూపాయలు.

ఆ లెక్క వినగానే మనలో చాలామందికి ఏజెంటు అప్పే గుర్తొస్తది. అందుకే ఈ మాట చెప్తున్నాం.

ఈ పద్ధతే పాపమని మేము అనడం లేదు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ టైఫాయిడ్ టీకాను ఆక్స్‌ఫర్డ్‌లో ఇట్లాగే పరీక్షించారు. దాదాపు వంద మంది టైఫాయిడ్ క్రిములు కలిపిన ద్రవం తాగారు. టీకా పనిచేస్తుందని 2017లో తేలింది. టైఫాయిడ్ ఎక్కువగా ఉన్నది మన దేశాల్లోనే, ఆ మేలు మన పిల్లలకే. ఆ వంద మందికి దండం పెట్టాలి.

కానీ వాళ్లు ‘వద్దు’ అని ఇంటికి పోగలరు. మనం? పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అకామా కంపెనీ చేతిలో, మిత్తి ఊళ్లో పెరుగుతుంటది. క్యాంప్ బాస్ లిస్టు పట్టుకొచ్చి ‘పేరు రాయి’ అంటే ఎంతమంది కాదనగలం?

‘డబ్బులిస్తున్నారు, ఇష్టపడే వస్తున్నారు, తప్పేంటి?’ అంటారు కొందరు పెద్దమనుషులు. అప్పులో మునిగినోడి ‘సరే’ను ఇష్టం అనకండి. 1946–48లో గ్వాటెమాలాలో అమెరికా డాక్టర్లు దాదాపు 1,300 మందికి చెప్పకుండా సుఖవ్యాధులు అంటించే ప్రయోగం చేశారు. ఎవరిని ఎంచుకున్నారు? ఖైదీలను, సిపాయిలను, మానసిక రోగులను. కాదనలేని వాళ్లనే! 2010లో అమెరికా క్షమాపణ చెప్పింది. పోయిన ఆరోగ్యం తిరిగొచ్చిందా?

తెలిసి, కాదనగలిగినోడు ముందుకొస్తే అది త్యాగం. అప్పున్నోడిని ముందుకు తోస్తే అది బేరం.

మా డిమాండు ఒక్కటే: యజమాని ద్వారా, లేబర్ క్యాంపుల నుంచి ఇట్లాంటి పరీక్షలకు మనుషులను తీసుకోవద్దు.

ఎవరైనా కాగితం తెస్తే తెలుగులో చదివి వినిపించమనండి. రోగం ముదిరితే వైద్యం ఎవరిది? ఆ రోజుల జీతం ఎవరిస్తారు? ప్రాణం మీదికొస్తే ఇంటివాళ్లకు జవాబుదారీ ఎవరు? ఇవన్నీ కాగితం మీద లేకుంటే సంతకం పెట్టకండి. కొన్ని పరీక్షల్లో ఒక్కసారి రోగం ఎక్కించాక మనసు మారినా, ఇతరులకు అంటుకోకుండా క్వారంటైన్ గదిలోనే ఉండాల్సి రావచ్చు.

ఆసుపత్రిలో వేసే మామూలు టీకా వేరు. అది తప్పక వేయించుకోండి.

మీ క్యాంపులో ఎవరైనా పేర్లు రాసుకుంటుంటే వెంటనే గ్రూపులో చెప్పండి. చదవడం రాని రూమ్మేట్లకు ఈ మెసేజ్ చదివి వినిపించండి.