మాత్ర మానడం సాక్ష్యం కాదు

పరిచర్య నిమిత్తం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య తిరిగే మాకు కొన్నేళ్ల క్రితం జమ్మలమడుగులో జరిగిన ఒక ఆదివారం ఆరాధన ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. సాక్ష్యాల సమయంలో ఒక సహోదరి లేచి నిలబడింది. రెండేళ్లుగా కుంగుబాటుతో, ఆందోళనతో బాధపడుతూ డాక్టరు రాసిన మాత్రలు వాడుతున్నానని, ఉపవాస ప్రార్థనల్లో దేవుడు తనను ముట్టాడని, ఇక అవసరం లేదని మాత్రలన్నీ పారేశానని చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా హల్లెలూయా అన్నది మేమే. ఆ సమయంలో మా చొక్కా జేబులో మా బీపీ మాత్రలున్నాయి. ఆ సంగతి ఆ రోజు మాకు తట్టనే లేదు.

నెలన్నర గడిచింది. ఒక రాత్రి ఆమె భర్త ఫోన్ చేశాడు. "అయ్యగారూ, నాలుగు దినాల నుంచి కన్ను మూయలేదు. అన్నం ముట్టడం లేదు. పిల్లోళ్లను గూడా దగ్గరికి రానీయడం లేదు. మీరొకసారి వచ్చి ప్రార్థన చేయండి" అన్నాడు. వెళ్లాము. ఆమె మమ్మల్ని చూసి తలదించుకుంది. "నాకు విశ్వాసం చాల్లేదు అయ్యగారూ. దేవుని పేరు చెడగొట్టినాను" అని ఏడ్చింది. ఆమెలో విశ్వాసానికి కొదువ లేదు. కొదువ ఉన్నది మా బోధలో. వేదాంత కళాశాలలో హెబ్రీ, గ్రీకు నేర్చుకున్నాము గానీ, సంఘంలో ఒక మనిషి మనసు జబ్బుపడితే ఏం చెప్పాలో నేర్చుకోలేదు.

ఆ రాత్రి ప్రార్థన చేశాము. తెల్లవారగానే ఆ దంపతులతో కలిసి బస్సెక్కి కడపలో డాక్టరు దగ్గరికి వెళ్లాము. ఆయన ఓపికగా వివరించారు. కుంగుబాటుకు ఇచ్చే మందులు వేసుకున్న రోజే పనిచేయవు. గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొందరు పది రోజులు వాడి లాభం లేదని ఆపేస్తారు. మరికొందరు మనసు తేలికపడగానే ఆపేస్తారు. మొదటిసారి వచ్చిన జబ్బయినా, బాగైన తర్వాత కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు కొనసాగాలి. మళ్లీ మళ్లీ వచ్చేవారికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, కలవరం కలగవచ్చు, జబ్బూ తిరగబెట్టవచ్చు. ఆపే సమయం వచ్చినప్పుడు డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

'అలవాటు పడిపోతారేమో' అని భర్త భయపడ్డాడు. కుంగుబాటు మందులు మత్తుమందుల వంటివి కావని డాక్టరు చెప్పారు. అలవాటయ్యే ప్రమాదం కొన్ని రకాల నిద్రమాత్రలతో ఉంది. వాటిని చీటీ లేకుండా మందుల షాపులో కొని నెలల తరబడి మింగేవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. భయపడవలసింది దానికి.

ఇంటికి వచ్చి రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం మళ్లీ తెరిచాము. కర్మెలు కొండమీద ఆకాశం నుంచి అగ్ని దింపిన ఏలీయా, ఆ తర్వాత యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. అంతటి ప్రవక్తకే ఆ స్థితి వచ్చింది. దేవుడు అతన్ని గద్దించలేదు. 'నీ విశ్వాసం ఏమైంది?' అని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు. తిని మళ్లీ పడుకుంటే, దూత రెండోసారి వచ్చి లేపి తినిపించాడు. ప్రయాణం దూరమని అతనికి తెలుసు గనుక ఒక్క పూటతో సరిపెట్టలేదు.

తర్వాత హోరేబు దగ్గర దేవుడు అతన్ని మాట్లాడనిచ్చాడు. ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాడు. అతడు ఒకే గోడు రెండుసార్లు వెళ్లబోసుకున్నాడు. 'నేనొక్కడినే మిగిలాను' అన్నది అతని మాట. ఇంకా ఏడువేల మంది ఉన్నారన్నది దేవుని జవాబు. నేటి కౌన్సెలింగులో, థెరపీలో జరిగేది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. 'నా బతుకింతే, నాకెవరూ లేరు' అని కుంగిన మనసు చెప్పే మాటలను ఒక్కొక్కటిగా బయటికి తీసి, అది నిజమేనా అని కలిసి పరీక్షించి చూస్తారు. అది ఒక్క పూటలో అయ్యేది కాదు. వారం వారం వెళ్లాలి. చివరికి దేవుడు ఏలీయాకు ఒక పని, ఎలీషా అనే తోడు కూడా ఇచ్చాడు.

హిజ్కియా రాజు ప్రార్థన దేవుడు విన్నాడు. అయినా పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని చెప్పింది యెషయా ప్రవక్తే. నయమాను యొర్దానులో ఏడుసార్లు మునగాలి. ఆరోసారి దగ్గర విసిగి గట్టెక్కి ఉంటే ఏమయ్యేది? మందు కోర్సు మధ్యలో ఆపేవారు ఈ ప్రశ్న వేసుకోవాలి.

మన మందిరాల్లో ఉపవాస ప్రార్థన ముగియగానే షుగరు మాత్ర వేసుకునే పెద్దలు ఎందరు లేరు? వారిని ఎవరూ అల్పవిశ్వాసులు అనరు. మనసుకు మాత్ర వేసుకునేవారే ఎందుకు దాచుకోవాలి? ప్రొద్దుటూరులో దుకాణం అప్పుల్లో పడిన వ్యాపారికి, పులివెందుల వైపు బోరు ఎండి చీనీ తోట పోగొట్టుకున్న రైతుకు 'ప్రార్థన చేసుకో, అంతా సర్దుకుంటుంది' అని చెప్పి పంపడం తేలిక. నెలలు గడిచినా మంచం దిగలేని మనిషికి ఆ మాట చాలదు. 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ సర్వేలో, మానసిక రుగ్మతలున్న వారిలో ఎక్కువమందికి చికిత్సే అందడం లేదని తేలింది. దూరం, ఖర్చు, సిగ్గు ఈ మూడూ అడ్డుపడుతున్నాయి. ఆ మూడో దానిలో మా వంటి బోధకుల పాలు ఉంది.

దారులు లేకపోలేదు. మన వాళ్లు వైద్యానికి వెళ్లే వేలూరు సీఎంసీకి బాగాయంలో మానసిక వైద్య కేంద్రం ఉంది. రోగితో పాటు కుటుంబం కూడా అక్కడ ఉండి చికిత్సలో పాలుపంచుకునే పద్ధతి దాని ప్రత్యేకత. 2023 డిసెంబరులో కడప రిమ్స్ ప్రాంగణంలోనూ మానసిక వైద్యశాల ప్రారంభమైంది. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరైనా 'చావాలనిపిస్తోంది' అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. వారిని ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్య సహాయానికి తీసుకెళ్లండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వారిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి, శిక్షకు బదులు సంరక్షణ అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ధర్మశాస్త్రం కంటే కృపను ప్రకటించే మనం ఆ చట్టం కంటే కఠినంగా ఉండవచ్చా?

తోటి పాస్టర్లకు మా విన్నపం ఇది. ఎవరినీ మందు ఆపమని చెప్పకండి. ఆపానని చెబితే డాక్టరు చెప్పారా అని అడగండి. మళ్లీ చూపించుకోవలసిన తేదీ ఎప్పుడో తెలుసుకొని గుర్తుచేయండి. బస్సు చార్జీకి లేకపోతే సంఘం కానుకలోంచి ఇవ్వండి. ప్రార్థన మానవద్దు, మాత్రా మానవద్దు అని చెప్పండి.

ఆ సహోదరి చికిత్స కొనసాగించింది. ఏడాది తర్వాత మళ్లీ సాక్ష్యానికి లేచింది. "దేవుడు నన్ను నిలబెట్టినాడు. ఈ పొద్దు గూడా మాత్ర వేసుకొనే వచ్చినాను" అని చెప్పి కూర్చుంది. ఈసారి చప్పట్లు పెద్దగా లేవు. ఆరాధన అయ్యాక ఒక పెద్దామె ఆమెను పక్కకు పిలిచి, తన కొడుకు కోసం డాక్టరు పేరు రాయించుకుంది. మా వరకు ఆ ఆదివారం సంఘంలో విన్న గొప్ప సాక్ష్యం అదే.