పలక కొట్టినాయన పేరేంటి?

హైదరాబాదులో పెళ్ళి ఊరేగింపంటే చాలామందికి మర్ఫా ఉండాల్సిందే. ఆ దరువుకి కుర్రాళ్ళు రోడ్డు మీదే చిందేస్తారు. అది ఎక్కడిదని అడిగితే మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు దాన్ని ఆ ఊళ్ళో నిలబెట్టారు. ఏసీ గార్డ్స్ అనే పేటకి ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే సిద్దీల దళం నుంచే వచ్చింది. (ఏసీ అంటే చల్లటి గది అనుకున్నవాళ్ళు మా క్లాసులో ఇద్దరున్నారు!) 1948 తర్వాత నిజాం సైన్యం పోయింది, కొలువులు పోయాయి. వాయిద్యం మిగిలింది.

అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ని సహవాసి గారు 'ఏడు తరాలు'గా తెలుగు చేశారు. హేలీ తన ముత్తాతల ఊరు వెతుక్కుంటూ గాంబియాలోని జుఫూరే వెళ్ళి, వంశకథ నోటితో చెప్పే పెద్దాయన ముందు కూర్చున్నాడు. అందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని పండితులు వాదించుకున్నారు. వాదించుకోనీ. ఆయన అంత దూరం వెళ్ళి అడిగాడు, నాకు అదే పెద్ద విషయం.

మనం పక్క వీధికైనా వెళ్ళి అడిగామా? వేలూరు, గుడియాత్తం వైపు అరుంధతీయుల ఇళ్ళల్లో చాలాచోట్ల ఇప్పటికీ తెలుగే. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. పలక కొట్టేవాళ్ళల్లో వాళ్ళూ ఉన్నారు. వైకాసిలో గుడియాత్తం గంగమ్మ శిరస్సు ఊరేగేటప్పుడు వాయిద్యాల మోత లేకపోతే మనకది పండగే కాదు. సాయంత్రానికి కొట్టినాయన పేరు ఎవరికి గుర్తుంటుంది?

"పలక నేర్చుకోండి, సంస్కృతిని కాపాడండి" అని వాళ్ళ పిల్లలకి చెప్పడం తేలిక. చావింటి ముందు కొట్టి తీరాలని తరతరాలుగా కట్టడి చేశాక, "మా పిల్లలు ఇంక కొట్టరు" అని పక్కన పెట్టేస్తే నాకది న్యాయంగానే తోస్తుంది. ఇష్టపడి పట్టుకుంటే అది వేరే సంగతి. దిండిగల్లు శక్తి బృందంలో దళిత ఆడపిల్లలే పరై పట్టి వేదికెక్కారు. 2025లో పరై కళాకారుడు వేలు ఆసాన్‌కి పద్మశ్రీ వచ్చింది.

మన కాలేజీ డేకి పలక పిలవాలంటాను. పిలిస్తే పాటకచేరీ వాళ్ళకి ఇచ్చినట్టే కుర్చీ, శాలువా, సంభావన ఇవ్వాలి, బోర్డు మీద పేర్లు రాయాలి. వాళ్ళ అవ్వలు ఇంటి తెలుగులో పాడే పాటల్ని మన డిపార్ట్‌మెంట్ రాసిపెట్టాలి, వాళ్ళు ఒప్పుకుంటేనే, పాడినవాళ్ళ పేరుతోనే. సెకండియర్ ప్రాజెక్టుకి ఇంతకంటే మంచి పనేముంది? శిరస్సు పండక్కి ఇంటికెళ్ళే గుడియాత్తం అక్కలు ముందుగా మేడమ్‌తో మాట్లాడండి. నోట్‌బుక్కు నేను కొనిస్తా.