మూత తీస్తే బుస్సుమన్న ట్యాంకు

పోయిన వేసవిలో మా పద్నాలుగు టైర్ల బండి 600 బస్తాల సిమెంటుతో జగ్గయ్యపేట నుంచి విశాఖ వెళ్తూ, అన్నవరం దాటి తుని చేరకముందే నత్తనడకన పడింది. అర్ధరాత్రి డ్రైవరు ఫోన్ చేశాడు. "ఏవండీ, ఎంత తొక్కినా ఇరవై దాటట్లేదండి. ఎర్రలైటు వచ్చేసిందండి."

ఇంజనుకు ఏ జబ్బూ లేదు. సైలెన్సర్‌లో పొగ సరిగ్గా శుభ్రపడట్లేదని కంప్యూటర్‌కు తోస్తే ముందు హెచ్చరిస్తుంది, తర్వాత ఇంజను బలం తగ్గిస్తుంది, అప్పటికీ బాగుచేయించకపోతే వేగాన్ని గంటకు 20 కిలోమీటర్ల దగ్గర కట్టేస్తుంది. బీఎస్-6 బండ్లకు నిబంధనే అది. మాకు నాలుగు నెలల్లో అది మూడోసారి.

బీఎస్-6 మీద నాకు కోపం లేదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు సాయంత్రం ఇంటికొచ్చి ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లబడేది. భారీ డీజిల్ ఇంజను వదిలే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి బీఎస్-4లో కిలోవాట్ గంటకు 3.5 గ్రాములుంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి అది దాదాపు 0.4కి దిగింది. నా లారీ వెనకాల స్కూటర్ మీద వచ్చే మనిషికి ఇంతకన్నా మేలు చేసిన నిబంధన నాకు ఇంకోటి తెలియదు. ఆ మేలు నిలబడాలనే ఇది రాస్తున్నాను.

పొగలో ఆ ఆక్సైడ్లను తగ్గించేది ఒక ద్రవం. మా వాళ్ళు యూరియా నీళ్ళు అనే అది 32.5 శాతం శుద్ధ యూరియా, మిగతాదంతా ఖనిజాలు తీసేసిన నీరు. వంద లీటర్ల డీజిలుకు సుమారు ఐదు లీటర్లు పడుతుంది. పంపు దాన్ని ట్యాంకులోంచి లాగి, వేడి పొగ గొట్టంలోకి సన్నగా చిమ్ముతుంది. ఆ వేడికి అది అమ్మోనియాగా మారుతుంది. క్యాటలిస్ట్ దగ్గర ఆ అమ్మోనియా, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. చివర్లో ఉన్న నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల) సెన్సర్ ఫలితం చూసి చెబుతుంది.

మొదటిసారి సర్వీసు సెంటర్లో "సామర్థ్యం తక్కువ" అని కోడు వచ్చిందన్నారు. సెన్సర్ మార్చారు. 38 వేలు. నెల తిరక్కుండా మళ్ళీ అదే కోడు. ఈసారి యూరియా మంచిది కాదేమో అన్నారు. నేను నా డ్రైవర్ని అనుమానించాను. చవగ్గా దొరికే కల్తీ సరుకు పోయించి తేడా డబ్బులు మిగుల్చుకుంటున్నావా అని నలుగురిలో అడిగాను. పొలానికి చల్లే యూరియాను నీళ్ళలో కలిపి డబ్బాల్లో అమ్మేవాళ్ళు రోడ్డు మీద ఉన్న మాట నిజమే. దానికుండే వేపపూత, మలినాలు క్యాటలిస్ట్‌ను నాశనం చేస్తాయి. కానీ మావాడు ఆ పని చేయలేదు. "బిల్లు లేకుండా ఒక్క డబ్బా పోయించలేదండి" అని చొక్కా జేబులోంచి నలిగిన బిల్లులన్నీ తీసి నా ముందు పెట్టాడు. పదకొండేళ్ళుగా నా దగ్గర పనిచేస్తున్న మనిషి. ఆ కాగితాలు లెక్కపెట్టిన చేతులు నావే అని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. యూరియా చిమ్మే నాజిల్ కడిగించాం. ఇంకో తొమ్మిది వేలు.

తుని దగ్గర మూడోసారి ఆగినప్పుడు అక్కడి సర్వీసు వాళ్ళు వేగానికి పడ్డ లాక్ తీసి పంపితే, సరుకు దించి తిరిగొచ్చాక బండిని తిన్నగా ఆటోనగర్‌లో మా పాత మేస్త్రి షెడ్డుకు తోలించాను. ఆయన బండిని ముట్టుకోలేదు. డ్రైవర్ని పిలిచి స్టూలేసి కూర్చోబెట్టి, ఈ లైటు ఏ రోజు రాదో చెప్పమన్నాడు. అప్పటిదాకా అందరం లైటు ఎప్పుడొస్తుందనే అడిగాం. డ్రైవరు కాస్త ఆలోచించి, "దారిలో యూరియా పోయించిన రోజు రాదండి. ఏకబిగిన నడిపిన రోజే వస్తుందండి" అన్నాడు.

మేస్త్రి యూరియా ట్యాంకు మూత మీద టేపు చుట్టి, ఎవరూ తీయొద్దని చెప్పి, లోడు బండిని రాజమండ్రి దాకా పోయి రమ్మన్నాడు. తిరుగు దారిలో ఏలూరు దగ్గర ఎర్రలైటు వచ్చింది. బండి పాక్కుంటూ షెడ్డుకు చేరాక, నన్ను దగ్గరికి రమ్మని మూత కొద్దిగా తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. ట్యాంకు పైన గాలి వెళ్ళే చిన్న గొట్టం ఉంటుంది. చిటికెన వేలంత కూడా ఉండదు. అందులోకి ఇనపతీగ పోనిచ్చి నెమ్మదిగా గీకి, బూడిదరంగు పెళ్ళ ఒకటి బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. బఠాణీ గింజంత ఉంది. రాయిలా గట్టిపడిన సిమెంటు.

లోడింగులో లేచిన దుమ్ము, చెమ్మ కలిసి గొట్టం మూసేశాయి. యూరియా తగ్గేకొద్దీ లోపలికి గాలి రావాలి కదా, దారి లేదు. కొన్ని గంటలు నడిచేసరికి పంపుకు లాగడం కష్టమవుతుంది, చిమ్మేది తగ్గుతుంది, పొగ శుభ్రపడదు. సెన్సర్ ఉన్నదే చెప్పింది. నిజం చెప్పిన సెన్సర్‌ను పీకి పారేయడానికి నేను 38 వేలు కట్టాను. సర్వీసు సెంటర్లో బండి రాగానే యూరియా నాణ్యత చూడ్డానికి మొదట చేసే పని మూత తీయడం. తీయగానే జబ్బు మాయం. ఆ తర్వాత ఎన్ని పరీక్షలు పెట్టినా బండి బ్రహ్మాండంగా పాసయ్యేది.

కొత్త గొట్టం 150 రూపాయలు. దాన్ని దుమ్ము తగలనిచోటికి, క్యాబిన్ వెనక ఎత్తుకు లాగి కట్టాడు. లోపం పోయింది. లాక్ మాత్రం పోలేదు. మేస్త్రి దగ్గరున్న రీడర్ కోడు చూపిస్తుంది, అంతే. నాజిల్ విప్పి కొలజాడీలో పెట్టి ఎన్ని మిల్లీలీటర్లు చిమ్ముతోందో చూసే పరీక్ష చేయించాలన్నా, బాగుపడ్డ బండికి లాక్ తీయాలన్నా కంపెనీ ల్యాప్‌టాప్ కావాలి. ఆదివారం సెలవు. సోమవారం వరస. మంగళవారం సాయంత్రం ఒక కుర్రాడు వచ్చి పావుగంటలో పని ముగించి వెళ్ళాడు. బండి ఆగినా ఫైనాన్సు కిస్తీ ఆగదు.

సరిగ్గా ఈ మూడు రోజుల్లోనే మరో రకం మనుషులు తగులుతారు. ఇంతింత తీసుకుని చిన్న డబ్బా బిగిస్తారు. యూరియా చిమ్మకపోయినా చిమ్మినట్టు కంప్యూటర్‌ను నమ్మిస్తుందది. నాకూ ఇద్దరు ఫోన్ చేశారు. నేను ఒప్పుకోలేదు. అది చట్టవిరుద్ధం. పైగా 0.4కి దిగిన విషం మళ్ళీ పాత లెక్కకు, అంతకన్నా పైకి పోతుంది. అయితే బిగించుకున్న ఓనర్లు నాకు తెలుసు. వాళ్ళలో ఎక్కువమంది రెండు మూడుసార్లు నిజాయితీగా బాగుచేయించుకోవాలని చూసి అలసిపోయినవాళ్ళు.

లాక్ తీసే పరికరం బయటికిస్తే దుర్వినియోగం చేస్తారని కంపెనీల వాదన. మోసం చేసేవాళ్ళు ఏ అనుమతీ అడగలేదు, వాళ్ళ డబ్బాలు వాళ్ళ దగ్గరున్నాయి. తలుపు మూసుకుపోయింది మా మేస్త్రి లాంటివాళ్ళకే. ఇంజను ప్రోగ్రామ్ తిరగరాసే తాళం ఎవరికీ ఇవ్వమని నేను అడగట్లేదు. కోడు పూర్తి వివరంతో చదవడం, పరీక్ష నడపడం, మరమ్మతు రుజువయ్యాక లాక్ తీయడం, ఈ మూడూ సరైన ధరకు, ఎవరు ఎప్పుడు చేశారో నమోదయ్యేలా ఇవ్వండి. 2025 ఆగస్టులో అమెరికా పర్యావరణ సంస్థ, బలం తగ్గించే ముందు డ్రైవర్లకు ఎక్కువ గడువు దొరికేలా సాఫ్ట్‌వేర్ మార్చమని తయారీదారులకు సూచించింది. అంత సడలింపు నాకు అక్కర్లేదు.

ఇది కొత్త కోరికేం కాదు. మన బీఎస్-6కు మూలమైన యూరో-6 భారీ వాహనాల చట్టాన్ని ఐరోపా 2009లో చేసినప్పుడే, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకూ అందాలని అందులోనే రాసింది. ఇక్కడ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసి, విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటివాళ్ళకు ఇవ్వమంది. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, అందులో వాహనాల రంగమూ ఉంది. పోర్టల్ సరిపోదు. మోటారు వాహనాల నిబంధనల్లోనే, కాలుష్య ప్రమాణం రాసిన చోటే, ఈ షరతు కూడా రాయాలి.

మా మేస్త్రి షెడ్డులో ఇద్దరు ఐటీఐ కుర్రాళ్ళు పని నేర్చుకుంటున్నారు. ఆ సిమెంటు పెళ్ళను వాళ్ళకు చూపించడానికని అక్కడే గూట్లో పెట్టాడు. లాక్ తీసే పరికరం కొనడానికి డబ్బు సిద్ధం చేసుకున్నాడు. అడిగిన రెండు చోట్లా డీలరు కానివాళ్ళకు అమ్మేది లేదని చెప్పారు.