సూది పట్టడం రానివాళ్ళకు మగ్గం ఎందుకు?

పోయిన వేసవి సెలవుల్లో మా వీధి చివర ఒక బోర్డు కట్టారు. "15 రోజుల్లో మగ్గం వర్క్, ఎవరైనా చేరవచ్చు" అని. ఆ "ఎవరైనా" అనే మాట మీదే నా కోపమంతా.

మా అమ్మ చీరలకు ఫాల్ కుట్టుతుంది. చీరకు 60 రూపాయలు. నా ఫీజు 3,000. అంటే 50 చీరల కష్టం. అయినా కట్టింది. అప్పటికి నాకు వచ్చిందల్లా ఊడిన గుండీ కుట్టుకోవడం, ఆరో తరగతిలో చేతిరుమాలు మీద వేసిన కాడ కుట్టు. అంతే. మొదటి రోజే నన్ను చట్రానికి బిగించిన గుడ్డ ముందు కూర్చోబెట్టి ఆరీ సూది చేతికిచ్చారు. అది మామూలు సూది కాదు, కొనన చిన్న కొక్కెం ఉంటుంది. పైన కుడిచేత్తో సూది గుచ్చాలి, గుడ్డ కింద ఎడమచేత్తో దారం అందించాలి. కింద చెయ్యి కంటికి కనపడదు. దారం తగులుకున్నాక సూదిని కొంచెం తిప్పి పైకి లాగాలి. తిప్పడం తప్పితే కొక్కెం గుడ్డనే పట్టుకుంటుంది. ఎన్నిసార్లు గుడ్డ చించానో నాకే లెక్కలేదు. ఆరో రోజు అందరికీ పూసలు, చమ్కీలు మొదలుపెట్టారు. నాకింకా గొలుసు కుట్టే నిలవలేదు. చివరి రోజు మా అమ్మను పిలిచి "ఈ పిల్లకి చెయ్యి తిరగదమ్మా" అన్నారు.

డబ్బు పోతే పోయె. ఆ మాట మాత్రం ఏడాదిగా మా ఇంట్లో తిరుగుతూనే ఉంది. పండగకొచ్చిన మా మేనత్త కూడా "ఏమే, నీకు చెయ్యి తిరగదంట కదా?" అని నవ్వింది. చెయ్యి పుట్టుకతోనే తిరిగి వస్తుందా? తిప్పేవాళ్ళుంటే కదా తిరిగేది!

నా పక్కన కూర్చున్నమ్మాయిది ఇంకో కథ. సండూరు దగ్గర తాండా నుంచి వచ్చింది. లంబాణీ కుట్టులో అద్దాలు, గవ్వలు కుట్టడం చిన్నప్పుడే వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకుంది. ఆరీ సూది ఆమెకూ కొత్తే, కానీ రెండో రోజుకే పట్టు చిక్కింది. ఆమెకు కావలసింది జర్దోసీ. అది పై క్లాసులో నేర్పుతారంట, ముందు అందరూ ఈ 15 రోజులూ కూర్చోవలసిందేనంట. నేను ఏడుస్తూ కూర్చున్నాను, ఆమె ఆవులిస్తూ కూర్చుంది. ఫీజు మాత్రం ఇద్దరికీ ఒకటే.

"నీళ్ళల్లో దిగితేనే కదా ఈత వచ్చేది" అంటారు పెద్దలు. నిజమే. కానీ మన ఊళ్ళల్లో నడుముకు బెండ్లు కట్టకుండా ఏ పిల్లనైనా బావిలో తోశారా? "ఆడపిల్లలకు కుట్లు వాటంతటవే వస్తాయి" అనేవాళ్ళు ఇంకొందరు. మరి మగ్గం షాపుల్లో చట్రం ముందు కూర్చుని కుట్టేవాళ్ళల్లో అంతమంది మగవాళ్ళు ఎట్లా ఉన్నారు?

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. మా పై ఇంట్లో ధారవాడ నుంచి వచ్చిన అక్క ఉంది. ఆమె ముందు నా చేతిరుమాలు అడిగి చూసింది. ఆ ఒక్క పని ఆ క్లాసులో ఎవరూ చేయలేదు! చూసి, గళ్ళుగళ్ళుగా ఉండే క్రాస్ స్టిచ్ గుడ్డ తెప్పించింది. అంగుళానికి 11 గళ్ళుండేది. 14 గళ్ళది ఇంకా సన్నం, అది తర్వాత అంది. మొన మొద్దుగా ఉండే సూది కాబట్టి వేలికి గుచ్చుకోదు. నెల తర్వాత కసూతి మొదలుపెట్టింది. కసూతిలో గుడ్డ మీద బొమ్మ గీసుకోరు, పోగులు లెక్కపెట్టి కుట్టాలి, ముడి వేయకూడదు. అందులో గవంతి అనే కుట్టు ఉంది. పోయిన దారినే తిరిగొచ్చి ఖాళీలు నింపితే ముందూ వెనకా ఒకేలా వస్తుంది. "చెయ్యి తిరగని" నేను గవంతితో తులసికోట కుట్టాను. వెనక రెండు చోట్ల ముడులున్నాయి, దాచను.

కాబట్టి అమ్మానాన్నలకు నా మనవి. పక్కింటి పిల్ల చేరిందనో, సర్టిఫికెట్ ఇస్తారనో డబ్బు కట్టేయొద్దు. మా పిల్లకు ఇప్పటికి ఇంత వచ్చు, మొదటి రోజు ఏం చేయిస్తారు, ఒక చట్రానికి ఎంతమంది అని అడగండి. జానెడు గుడ్డ మీద ఒక గీత కుట్టించి చూడకుండానే చేర్చుకుంటామంటే లేచి వచ్చేయండి.

ఇక మన బడి సంగతి. క్రాఫ్ట్ పీరియడ్‌లో ఆరు నుంచి పది దాకా ఆడపిల్లలందరం ఒకే గదిలో ఒకే పువ్వు కుట్టుతున్నాం. మగపిల్లలు గ్రౌండుకు పోతారు. వచ్చే జూన్‌లో తరగతిని బట్టి కాకుండా చేతిని బట్టి రెండు గుంపులు చేయమని టీచర్‌గారిని అడుగుతున్నాను. మగపిల్లల్లో ఇష్టమున్నవాళ్ళనూ కూర్చోనివ్వండి. గుండీ కుట్టడం కూడా రానివాళ్ళ గుంపుకు నేను నేర్పుతాను.