మంచాలు సరే, సిస్టర్లేరీ?

ఊరిగాం: 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. గనుల ఆస్పత్రీ మూలన పడింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2021లో కరోనా రెండో విడత విరుచుకుపడినప్పుడు జనమే స్వచ్ఛందంగా కదిలి ఆ భవనంలో బూజు దులిపారు. నేల కడిగి, మంచాలు వేసి కొద్ది వారాల్లోనే కోవిడ్ రోగులకు సిద్ధం చేశారు. భవనాన్ని అలా లేపి నిలబెట్టవచ్చు. నర్సును మాత్రం వారాల్లో తయారు చేయలేరు. బీఎస్సీ నర్సింగ్‌కు నాలుగేళ్లు, జనరల్ నర్సింగ్‌కు మూడేళ్లు పడుతుంది. అంత కష్టపడి పాసైన అమ్మాయి తొలి ఏడాదే ‘ఈ పని నావల్ల కాదు’ అని యూనిఫాం మడిచి పెట్టేస్తే నష్టం ఆమె ఒక్కదానిదేనా?

చదువుకు ఇక్కడ కరవేమీ లేదు. కోలారు దగ్గర టమకలో దేవరాజ అరసు నర్సింగ్ కాలేజీ ఉంది. సరిహద్దు దాటితే కుప్పంలో పీఈఎస్ సంస్థ ఉంది. చిక్కంతా పాసయ్యాకే. నిన్నటిదాకా టీచరు పక్కనుంటే ఇద్దరు ముగ్గురు రోగులను చూసిన పిల్లకు, ఉద్యోగంలో చేరగానే రాత్రిపూట వార్డంతా అప్పజెప్పే ఆస్పత్రులున్నాయి. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒకరు, మామూలు ఆస్పత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలన్న భారత నర్సింగ్ మండలి ప్రమాణం చాలాచోట్ల కాగితానికే పరిమితం. తప్పు జరిగితే డాక్టరు కేకలు, బంధువుల తిట్లు ముందుగా పడేది ఆమె మీదే. చదువుకు చేసిన అప్పు ఒకవైపు, చేతికొచ్చే చాలీచాలని జీతం మరోవైపు. ఇంక నిలిచేదెలా?

జీతాల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో కోర్టు ఆదేశంతో ఏర్పడిన నిపుణుల కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇమ్మంది. నర్సులు రోడ్డెక్కి పోరాడాక 2018లో కేరళ కనీస వేతనాన్ని 20,000కు పెంచింది. కోలారు, చిత్తూరు జిల్లాల్లో ఎన్ని ప్రైవేటు ఆస్పత్రులు ఆ లెక్క ప్రకారం ఇస్తున్నాయో ఇరు రాష్ట్రాల ప్రభుత్వాలూ బయటపెట్టాలి.

చిన్న ఆస్పత్రులు అంత భారం మోయలేమంటున్నాయి. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ కొన్నింటికి పెద్ద ఖర్చేమీ కాదు. మొదటి ఆరు నెలలు కొత్త నర్సుకు అనుభవమున్న సిస్టర్‌ను తోడు ఇవ్వాలి. అప్పటిదాకా ఒంటరిగా నైట్ డ్యూటీ వేయకూడదు. బాండు పేరుతో సర్టిఫికెట్లు బిగబట్టుకోకూడదు. డ్యూటీ దిగే వేళ రైలో బస్సో దొరకాలి, లేదంటే ఆస్పత్రిలోనే తలుపు గడియ పడే గది ఒకటి చూపాలి. ఇవన్నీ దయాధర్మాలు కావు, పని జరగడానికి కావలసిన ఏర్పాట్లు.

బెంగళూరుకో గల్ఫ్‌కో పోయే పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. ప్రపంచంలో 59 లక్షల మంది నర్సుల కొరత ఉందని 2020లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చింది. పిలిచే దేశాలు పిలుస్తూనే ఉంటాయి. పోవాలనుకున్నవారు సంతోషంగా పోవచ్చు. ఉండాలనుకున్నవారు ఉండగలిగేలా చూడటమే ఇక్కడి బాధ్యత.

ఎందుకంటే ఇది మూడు భాషల నేల. గని దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిన ముసలాయన ‘ఏడ నొప్పి?’ అంటే తెలుగులోనో తమిళంలోనో కన్నడంలోనో చెప్పుకుంటాడు. ఆ మూడూ అర్థమయ్యేది ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లకే. ఆమెను తొలి ఏడాదే పోగొట్టుకుని తర్వాత ఎన్ని పడకలు పెంచితే ఏం లాభం? అర్ధరాత్రి రోగి పిలిస్తే గోడలు పలకవు, సిస్టరే పలకాలి.